మూలా నక్షత్రం నాడు పెద్దబాతు

ఉద్యోగం పోయినవాడికి లోకంలో ఉచితంగా దొరికేది సలహా ఒక్కటే. ఆగస్టు మొదటి వారంలో నేను పనిచేసే బ్యాంకువాళ్ళు పదిహేను నిమిషాల వీడియో కాల్‌లో నా తొమ్మిదేళ్ళ కొలువుకి మంగళం పాడారు. అందులో మొదటి నాలుగు నిమిషాలు పెద్దమనిషి మైకు మ్యూట్‌లో ఉండిపోయింది గనక, నన్ను తీసేసింది నికరంగా పదకొండు నిమిషాల్లోనే. ఆ రోజు నుంచి అరవై రోజులు గడువు. ఆలోగా ఇంకో కంపెనీ వీసా పెడితే ఉంటాం, లేదంటే పెట్టె సర్దుకుని విమానం ఎక్కుతాం. అరవై రోజులంటే ఆవకాయ ఊరడానికి ఎక్కువ, అమెరికాలో ఉద్యోగం దొరకడానికి తక్కువ.

ఇక సలహాలు మొదలయ్యాయి. రెజ్యూమే రెండు పేజీలు దాటకూడదన్నాడొకడు. రెండు పేజీలేనా అని నవ్వాడింకొకడు. ఎడిసన్‌లో ఉండే ఒక అంకుల్ నీలం ఉంగరం పెట్టుకోమన్నారు, ఆయన దగ్గరే దొరుకుతుందట. హైదరాబాద్‌లో మా బావమరిది నా తరఫున వీసాల దేవుడి గుడి చుట్టూ నూట ఎనిమిది ప్రదక్షిణలు చేశాడు. మోకాళ్ళ నొప్పి అతనికి వెంటనే వచ్చింది, ఉద్యోగం మాత్రం నాకు రాలేదు.

నా భార్య సుజాత సలహాలివ్వలేదు. దసరా నవరాత్రులు మొదలైన పాడ్యమి నాడు పొద్దున్నే తలస్నానం చేసి, "ఈ తొమ్మిది రోజులు ఇంట్ల మాంసం బంద్. గుడ్డు గూడ బంద్. దీక్ష ఇద్దరిది" అని చెప్పి దీపం పెట్టింది. ఆమెది హనుమకొండ, నాది తెనాలి. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆమె ఏ దేవుణ్ణీ ఏదీ అడగ్గా నేను చూడలేదు. ఇప్పుడు అడుగుతోంది. రోజుకి రెండు పూటలా ఆ దీపం ముందు కూర్చునే ఆమెను చూస్తే నాకు వెటకారం కూడా నోట్లోనే ఆగిపోయేది. ఆగిపోయిందని నేనన్నా మీరు నమ్మనక్కర్లేదు, ఒకటి రెండు సార్లు బయటికి కూడా వచ్చింది.

అప్పుడు తగిలాడు స్కాట్. అదే కాల్‌లో, అదే పదకొండు నిమిషాల్లో ఉద్యోగం పోయినవాడు. వాళ్ళది పెన్సిల్వేనియాలో జునియాటా అనే ఏటి లోయ. అక్కడ సెప్టెంబరు ఇరవై తొమ్మిదిన పెద్దబాతును, అంటే గూస్‌ని, కాల్చుకు తింటారట. ఆ రోజు దేవదూత మిఖాయేలు పండగ. తిన్నవాడికి ఏడాదంతా డబ్బుకి లోటుండదట.

"నువ్వు ఏటా తింటావా?" అన్నాను.

"పోయినేడు వెళ్ళలేకపోయాను. చూశావుగా ఏమైందో!"

తెనాలి చుట్టుపక్కల క్రైస్తవుల ఇళ్ళలో నేను క్రిస్మస్ కేకు తిన్నాను, ఈస్టర్ బిర్యానీ తిన్నాను. మిఖాయేలుకి బాతు కోస్తారని ఎవరూ చెప్పలేదు. కానీ మునిగిపోయేవాడికి గడ్డిపోచ కూడా ఆధారమే, ఇది గడ్డిపోచ కంటే బరువైన పక్షి. పైగా ఒక కంపెనీలో అయిదు రౌండ్ల ఇంటర్వ్యూ ముగిసింది, సోమవారం ఏ సంగతీ చెబుతామన్నారు. ఆ సోమవారమే ఇరవై తొమ్మిది. జెర్సీ సిటీ అపార్ట్‌మెంట్‌లో ఫోను ముందు కాపలా కూర్చోవడం కంటే ఊరు తిరగడం మేలని సుజాత కూడా ఒప్పుకుంది. ఒక షరతు పెట్టింది.

"సోమవారం మూలా నక్షత్రం. సరస్వతి పూజ. గూస్ అంటే హంసనే గదా? ఆ తల్లి వాహనాన్ని ఆమె పండుగనాడే తింటవా?"

"హంస వేరు, ఇది వేరు సుజాతా."

"రెండిటికీ మెడ పొడుగే. నువ్వు తినొద్దు. చూడనీకి పోదాం, తిననీకి కాదు. దసరా నాడు నేనే మటన్ వండుత."

ప్రమాణం చేశాను. చాటుగా ఒక ముక్క తింటే ఇటు అమ్మవారికీ అటు మిఖాయేలుకీ ఇద్దరికీ దరఖాస్తు పెట్టినట్టుంటుందని లోపల అనుకుంటూనే చేశాను.

పళ్ళ బల్ల

శనివారం మధ్యాహ్నం, అంటే నా గడువులో యాభై రెండో రోజు, కొండల మధ్య రోడ్డు పక్కన ఒక బల్ల కనిపించింది. బల్ల మీద గుమ్మడికాయలు, ఆపిళ్ళు, చిన్న చిన్న అట్టపెట్టెల్లో బ్లాక్‌బెర్రీలు. మనిషి లేడు. ఒక రేకు డబ్బా, దాని మీద "డబ్బులు ఇందులో వేయండి" అన్న కాగితం. మా తెనాలిలో ఇలా పెడితే సాయంత్రానికి డబ్బా ఉండదు, బల్లా ఉండదు, కాగితం మాత్రం బజ్జీలు చుట్టుకోవడానికి పనికొస్తుంది. పెట్టె ఆరు డాలర్లు. అడిగేవాడు లేకపోయినా అలవాటుకొద్దీ "అయిదుకి రాదా" అని పైకే అన్నాను.

"రాదు" అన్నాడు వెనక షెడ్డులోంచి ఒక ముసలాయన.

ఆయన వచ్చి కారు నంబరు ప్లేటు చూసి, న్యూ జెర్సీ వాళ్ళు బేరమాడతారని తనకి తెలుసన్నాడు. తెలుగువాళ్ళ పరువు న్యూ జెర్సీ ఖాతాలో పోయినందుకు సంతోషించాను. ఆయన రెండు పెట్టెలు తీసుకోమన్నాడు. సోమవారం దాటితే బ్లాక్‌బెర్రీ ముట్టకూడదట. మిఖాయేలు సైతానును స్వర్గంలోంచి తన్ని తరిమేస్తే వాడు సరిగ్గా బ్లాక్‌బెర్రీ ముళ్ళ పొదలో పడ్డాడు. ఆ మంటతో ప్రతి ఏడూ ఆ పండగ నాడు వచ్చి పళ్ళ మీద ఉమ్మేసి పోతాడు. ఇది ఆయనకి వాళ్ళ ఇంగ్లీషు నాయనమ్మ చెప్పిన మాట.

"మీరు నమ్ముతారా?" అన్నాను.

"నమ్మను. కానీ మంగళవారం నుంచి తినను."

నేను నవ్వుతుంటే సుజాత నా మోచేయి పొడిచింది. "చవితి నాడు చంద్రుణ్ణి చూడొద్దని మొన్న కిటికీ పరదా వేసుకున్నది ఎవరు? నువ్వు గాదా?" అంది. నిజమే, వేశాను. మళ్ళీ ఏ నింద మీద పడుతుందోనని, ఇన్ని నిందలు మోస్తున్నవాణ్ణి. రెండు పెట్టెలు కొన్నాను.

డోరిస్ గారి ఇల్లు

మేం దిగింది డోరిస్ అనే డెబ్బై నాలుగేళ్ళావిడ పొలం ఇంట్లో. నలభై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైంది. ఇప్పుడు ఒక గది అద్దెకిస్తుంది, పెద్దబాతులు పెంచుతుంది. రాత్రికి డెబ్బై డాలర్లు, టిఫిను కలిపి. జెర్సీ సిటీలో ఆ డబ్బుకి కారు నిలుపుకోవడానికి చోటు దొరికితే గొప్ప.

వేసవిలో పదిహేను బాతులుండేవట, ఇప్పుడు నాలుగున్నాయి. మిగతా పదకొండూ చర్చి వంటింట్లో సోమవారం కోసం ఎదురుచూస్తున్నాయని ఆవిడ చాలా సహజంగా చెప్పింది. బతికున్న నాలుగింటికీ ఆ సంగతి తెలిసినట్టుంది. నేను కారు దిగీ దిగగానే ఒకటి మెడ చాచి బుసకొడుతూ వచ్చి నా ప్యాంటు పట్టుకుంది. తినడానికి వచ్చినవాణ్ణి వాసనతోనే పసిగట్టిందని నా అనుమానం. సుజాతను మాత్రం ఏమీ చేయలేదు. నేను బానెట్ ఎక్కి కూర్చుంటే డోరిస్ చీపురు తెచ్చి విడిపించింది.

ఆ సాయంత్రం ఆవిడ మాకు ఒక పై పెట్టింది, అంటే పిండి పొరలో తీపి నింపి కాల్చే వంటకం. పేరు షూ ఫ్లై పై, అంటే ఈగల్ని అదిలించే పై. చెరకు పాకంతో చేస్తారు గనక ఈగలు వదలవట. సుజాత చెంచా పక్కన పెట్టి చాలా శ్రద్ధగా అడిగింది.

"ఇందులో మాంసం ఏమైనా ఉందా? గుడ్డు?"

"లేదు హనీ. మా అమ్మ చేసిన పద్ధతి ఇది, గుడ్డు పడదు. పిండీ పాకమూ, అంతే."

సుజాత ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. "అచ్చం మలీద లెక్కనే ఉన్నది" అంది. మలీదంటే బతుకమ్మ పండగకి తెలంగాణలో చేసే ప్రసాదం, రొట్టెలు నలిపి బెల్లం కలిపి ముద్దలు చేస్తారు. ఎనిమిది వేల మైళ్ళ అవతల హనుమకొండ రుచి దొరికేసరికి ఇంకో ముక్క వేసుకుంది. ఆ తర్వాత ఆదివారం పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం కాఫీతో ఒకటి. నేను లెక్కపెట్టలేదు, అప్పుడు లెక్కపెట్టే అవసరం లేదు.

ఆదివారం, చర్చి

డోరిస్ మమ్మల్ని తన చర్చికి తీసుకెళ్ళింది. చిన్న తెల్ల కట్టడం, బయట గడ్డిమైదానంలో కార్లు, రోడ్డు మీద పసుపు పచ్చ గూడున్న కార్లు వాడని ఆమిష్ వాళ్ళ గుర్రపు బగ్గీ ఒకటి. దాన్ని చూసి నాకు తెనాలి ఆటో గుర్తొచ్చింది, అది కూడా సందు దొరికితే దూరుతుందా అని చూశాను. లేదు, వరసలో వెళ్ళింది. గుర్రానికే అంత క్రమశిక్షణ ఉంటే ఆ దేశంలో మనబోటివాళ్ళకి ఉద్యోగాలెలా దొరుకుతాయి.

లోపల కిటికీ రంగు గాజులో మిఖాయేలు బొమ్మ. రెక్కలు, చేతిలో బల్లెం, కాలి కింద కొమ్ములున్న సైతాను. సుజాత చెప్పులు విడిచి నిలబడి దణ్ణం పెట్టేసింది.

"మహిషాసురమర్దినే గదా! కొమ్ములు చూడు, బల్లెం చూడు. మనోళ్ళకూ వీళ్ళకూ ఒకే వారంల పడ్డది సూసినవా?"

"మరి వీళ్ళు బాతు తింటే తప్పు లేదు, నేను తింటే తప్పా?"

"వాళ్ళు మొక్కలేదు. మనం మొక్కినం."

బాతే ఎందుకో డోరిస్ చెప్పింది. పాతకాలంలో ఈ రోజే కౌలు రైతులు భూమి యజమాని దగ్గరికి వెళ్ళేవాళ్ళట, మరుసటేడు కూడా పొలంలో ఉండనిమ్మని అడగడానికి. ఉత్త చేతులతో వెళ్ళకుండా బలిసిన బాతును చంకన పెట్టుకెళ్ళేవాళ్ళట. అంటే ఇది కూడా వీసా పొడిగింపు పండగేనన్నమాట. ఆ కౌలుదార్లకు ఒక బాతుతో పనయ్యేది. మేం లాయరుకి ఇచ్చినదాంతో బాతుల ఫారమే పెట్టొచ్చు.

మధ్యాహ్నం డోరిస్ గారి పొలం గట్టు మీద ఊదారంగు పూలు విరగబూసి కనిపించాయి. వాటిని మిఖాయేలు పేరుతోనే పిలుస్తారట, మైకల్‌మస్ డైసీలని. పక్కనే పసుపు పచ్చగా గోల్డెన్‌రాడ్. సుజాత కాసేపు అలా చూసి, డోరిస్‌ని ఒక పళ్ళెం అడిగింది. తంగేడుకి బదులు గోల్డెన్‌రాడ్, గునుగుకి బదులు డైసీలు. అరగంటలో జానెడెత్తు బతుకమ్మ లేచింది. జెర్సీలో అసోసియేషన్ వాళ్ళ బతుకమ్మకి ఈ ఏడు ఆమె వెళ్ళలేదు. వెళితే నలుగురూ "ఏమైనా అయిందా?" అని అడుగుతారు, ఆ ప్రశ్నకి భయపడి.

సుజాత చుట్టూ తిరిగి పాడుతుంటే డోరిస్ కూడా చప్పట్లు కొడుతూ తిరిగింది. ఒక్క ముక్క అర్థం కాకుండానే తాళం మాత్రం తప్పలేదు. తర్వాత ఇంటి వెనక కుంటలో బతుకమ్మను వదిలారు. అది రెండు గజాలు తేలిందో లేదో, నాలుగు పెద్దబాతులూ ఈదుకుంటూ వచ్చి తంగేడు వరస నుంచి మొదలుపెట్టి శిఖరం దాకా నమిలేశాయి. ఇదేం అపశకునమని ఏడుస్తుందనుకున్నాను.

సుజాత నవ్వింది. కడుపు పట్టుకుని, గట్టు మీద కూలబడి నవ్వింది. "హంసలే తిన్నయ్! సరస్వతమ్మే వచ్చి తీసుకపోయింది!" అంటూ నవ్వింది. యాభై మూడు రోజుల్లో ఆమె నవ్వగా నేను చూడ్డం అదే మొదలు. నాకు ఎంత సంతోషమైందంటే, నా ప్యాంటు చించిన బాతుని కూడా క్షమించాను.

సోమవారం, వంటిల్లు

విందు సాయంత్రం నాలుగింటికి. బల్లలు మోయడానికి మనుషులు కావాలంటే పొద్దున నేను చర్చికి వెళ్ళాను. మూలా నక్షత్రం కదా, సుజాత గదిలో పుస్తకాలు పెట్టి పూజ చేసుకుంటోంది. పుస్తకాలంటే నా రెజ్యూమే, డోరిస్ గారి వంటల పుస్తకం. ఇంకేవీ దొరకలేదు.

వంటింట్లో డోరిస్ మోచేతుల దాకా పిండితో షూ ఫ్లై పైకి పొర కలుపుతోంది. పక్కన తెల్లటి ముద్దతో ఒక బకెట్. బకెట్ మీద నవ్వుతున్న పంది బొమ్మ.

"అదేంటి డోరిస్?"

"పందికొవ్వు. మా అమ్మ పద్ధతి. వెన్నతో చేస్తే పొర ఇంత గుల్లగా రాదు హనీ, రుచంతా ఇక్కడే ఉంది."

బల్ల చప్పున కింద పెట్టేశాను, నా కాలి మీదే. అప్పుడు లెక్కపెట్టాను. శనివారం రెండు, ఆదివారం మూడు. అయిదు ముక్కలు. నేను చాటుగా బాతు తింటానేమోనని కాపలా కాసిన మనిషి, అమ్మవారి ముందు అయిదు ముక్కల పంది నైవేద్యం కడుపులో పెట్టుకుని కూర్చుని ఉంది. మాంసం ఉందా అని అడిగింది, గుడ్డు ఉందా అని అడిగింది. కొవ్వు సంగతి అడగాలని మన బుర్రకి తట్టదు. కొవ్వు కూడా మాంసమేనని డోరిస్ బుర్రకి తట్టదు. తప్పెవరిదని అడిగితే చెప్పలేను.

దీక్ష సంగతి చెప్పేసరికి డోరిస్ మొహం పాలిపోయింది. అప్పటికప్పుడు వెళ్ళి క్షమాపణ అడుగుతానని చేతులు కడుక్కోబోయింది. వద్దని బతిమాలాను.

"సరే. స్కూలు బస్సులో పిల్లలు నాకు చెప్పిన రహస్యాలు నలభై ఏళ్ళలో ఒక్కటీ వాళ్ళ ఇళ్ళకి చేరలేదు" అంది ఆవిడ. మళ్ళీ బకెట్ వైపు చూసి, "పాపం, ఎంత ఇష్టంగా తిందో" అంది.

మరి ఇప్పుడు నేనెందుకు చాటింపు వేస్తున్నానంటారా? సుజాత ఇంగ్లీష్ మీడియం. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవడం రాదు. వాళ్ళక్కకీ రాదు. తెలుగులో అచ్చేస్తే మావాళ్ళెవరి కంటా పడదన్న ధైర్యం నాది. మీలో ఎవరికైనా ఆమె తెలిసుంటే మీ పుణ్యం, నోరు విప్పకండి.

పన్నెండున్నరకి, చర్చి బయట కార్ల దగ్గర ఉండగా మెయిల్ వచ్చింది. అయిదు రౌండ్ల కంపెనీ. నా ప్రతిభ తమని ఎంతో ఆకట్టుకుందట, నాకు శుభాకాంక్షలట. ఇంత ఆకట్టుకుని కూడా ఎందుకు వదిలేశారో రాయలేదు. యాభై నాలుగో రోజు. ఇంకో కంపెనీ లేదు, ఇంకో రౌండు లేదు. అయిపోయింది.

బానెట్ మీద కూర్చున్నాను. ఉద్యోగం పోయిందన్న బాధ కంటే ముందు నాకు తోచింది ఇంకొకటి. ఈ మెయిల్ ఇవాళ కాకపోతే రేపైనా సుజాతకి తెలుస్తుంది. ఆ పంది బకెట్ సంగతి కూడా ఏదో ఒక రోజు, ఏదో ఒక పుస్తకంలోనో ఫోనులోనో, ఈ పై ఎలా చేస్తారని వెతికితే తెలుస్తుంది. ఆ రెండూ కలిపితే ఆమెకి వచ్చే లెక్క ఒక్కటే: అంతా తన వల్లే. తను తిన్న అయిదు ముక్కల వల్లే. కాదని నేను వెయ్యి చెప్పినా వినదు. తొమ్మిదేళ్ళ బతుకు తన నాలుక వల్ల పోయిందని బతికినన్నాళ్ళూ అనుకుంటుంది. దీక్షని నమ్మినవాళ్ళకి అది చెడితే జరిగేది కూడా నమ్మక తప్పదు.

అయితే దీక్ష చెడగొట్టినవాడు ఇంకొకడు ఉండాలి. ఆమె కళ్ళ ముందే చెడగొట్టాలి, ఎప్పటికీ మరిచిపోలేనంత ఘోరంగా.

విందు

హాలు నిండా జనం. ప్లేటు ఇరవై నాలుగు డాలర్లు. బాతు, మెత్తగా మెదిపిన బంగాళాదుంప, క్యాబేజీ, పై. పిల్లలకి బాతు ఆకారంలో బిస్కెట్లు. పెద్దవాళ్ళు వరసలో నిలబడి ఒకరికొకరు ఏడాదంతా బాగుండాలని చెప్పుకుంటున్నారు. అందరూ తల వంచి ప్రార్థన చేశారు. సుజాత కూడా కళ్ళు మూసుకుంది. ఆమె ప్లేటులో క్యాబేజీ, బంగాళాదుంప. పై ముక్క వేసుకోవడానికి బల్ల వైపు చూస్తోంది.

నేను వెళ్ళి బాతు తెచ్చుకున్నాను. తొడ ముక్క. ఆమె ఎదురుగా కూర్చుని, కత్తీ ఫోర్కూ పక్కన పెట్టి, చేత్తో పట్టుకుని కొరికాను.

నిజం చెప్పాలంటే నోటికి రుచేమీ తెలియలేదు. వందలసార్లు ఊహించుకున్న ముక్క అది. నూనె మాత్రం మణికట్టు దాకా కారింది.

"ఏంది నువ్వు చేస్తున్నది?" సుజాత గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"ఆకలేసింది."

"ప్రమాణం చేసినవ్."

"బాతు తింటే డబ్బుకి లోటుండదంట. నీ దీపంతో ఏమైంది ఈ ఎనిమిది రోజులూ?"

ఆ రెండో మాట అనుకోలేదు. అలవాటుకొద్దీ వచ్చేసింది. సుజాత మొహంలో రంగు మారడం చూశాను, ఇంకో ముక్క కొరికాను. పక్కనున్న పెద్దాయన నా వీపు తట్టి, కొత్తవాడు భలే తింటున్నాడని మెచ్చుకున్నాడు. డోరిస్ వంటింటి గుమ్మంలో నిలబడి, చేతిలో పై పళ్ళెంతో, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఆ పళ్ళెం లోపలికి తీసుకుపోయింది.

సుజాత ఏమీ తినకుండా లేచి కారులోకి వెళ్ళి కూర్చుంది. నేను ప్లేటు ఖాళీ చేశాను. ఆ తొడలో ఎముక తప్ప ఏమీ మిగల్చలేదు.

కారులో చెప్పాను. ఇప్పుడే మెయిల్ వచ్చిందన్నాను. చదివి వినిపించాను, ఫోను చేతికివ్వలేదు, అందులో పన్నెండున్నర అని టైము ఉంటుంది కదా. సుజాత సీటు బెల్టు పెట్టుకుంది. ఏడవలేదు.

"ఒక్క మూడు రోజులు ఆగలేకపోయినవ్" అంది. "ఒక్క మూడు రోజులు. నేను అంత నిష్ఠగ ఉన్న. ఒక్క తప్పు చెయ్యలే నేను."

"నువ్వు చెయ్యలేదు" అన్నాను. "తప్పంతా నాదే."

తిరుగు దారి

మంగళవారం పొద్దున బయల్దేరుతుంటే డోరిస్ సుజాతను గట్టిగా కావలించుకుని ఒక కార్డు చేతిలో పెట్టింది. షూ ఫ్లై పై చేసే పద్ధతి, తన చేతిరాతతో. సుజాత పైకే చదివింది: మూడు కప్పుల పిండి, ఒక కప్పు వెన్న, చల్లటి నీళ్ళు. డోరిస్ నా వైపు చూడనైనా చూడలేదు. ముప్పై ఏళ్ళుగా ఆదివారం చర్చి మానని మనిషి, మా కోసం ఒక అబద్ధం రాసిచ్చింది. ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించింది, పెట్టాను. అదేదో మన మర్యాద అనుకుని ఆవిడా చేతులు జోడించింది.

శనివారం కొన్న బ్లాక్‌బెర్రీల్లో రెండో పెట్టె వెనక సీట్లో అలాగే ఉంది. తీసి తినబోతే, "సోమవారం దాటింది" అని సుజాత ఒక్క మాట అంది. పెట్టె మూసేశాను.

మీలో ఎవరైనా ఆ లోయకి వెళ్ళదలుచుకుంటే తప్పక వెళ్ళండి. కొండలు బాగుంటాయి, మనుషులు ఇంకా బాగుంటారు, బాతు సంగతి నాకు తెలియదు. పై తినేముందు మాత్రం పొర దేనితో చేశారో అడగండి.

జెర్సీ సిటీ

గురువారం దసరా. మాట ప్రకారం సుజాత మటన్ వండింది, నా ప్లేటులో తక్కువ వేసింది. శనివారం విమానం. సామాను సగం అమ్మేశాం, సగం పెట్టెలకెక్కించాం. హాల్లో కూర్చుని నేను అట్టపెట్టెలకి టేపు వేస్తుంటే, సుజాత వంటింట్లో స్పీకర్ పెట్టి వాళ్ళక్కతో మాట్లాడుతోంది. అయిదు రౌండ్లు దాటి కూడా ఎట్ల పోయిందని అక్క అడిగింది.

"ఏం చెప్పాలక్కా? నేను తొమ్మిది రోజులు ఒక్క పొరపాటు లేకుండ చేసిన. అమ్మవారు ఇచ్చేదే. మా ఆయననే, మూలా నక్షత్రం నాడు, నా ముంగట్నే కూసొని హంసను కొరుక్క తిన్నడు."

"అయ్యో! ఇంక ఎట్ల నిలుస్తది ఉద్యోగం?" అంది అక్క.

"గదే. నేనైతే నా వంతు చేసిన అక్కా. నా మనసుకు ఏ బాధా లేదు."

ఆ చివరి మాట ఇంకోసారి వినాలనిపించి, టేపు చప్పుడు చేయకుండా కాసేపు ఆగాను. సుజాత అదే మాట మళ్ళీ అంది. నేను పెట్టె మూత అంటించాను.